ముల్లుశ్రావణం

వుబాలెం మెడలో
సిలువ పక్కనే శ్రావణం వేలాడుతోంది.
పదకొండేళ్లుగా
తన రెప్పవెంట్రుకల్ని తానే పీక్కుంటోంది,
అద్దం లేకుండా, తడుముకుంటూ.
లోపలికి తిరిగిన ఒక్క వెంట్రుక చాలు,
రెప్ప వేసినప్పుడల్లా నల్లగుడ్డును గీరడానికి.

గొజ్జాం కొండమీద ఈ బడిగదే ఇవాళ ఆసుపత్రి.
నల్లబల్ల మీద నిన్నటి అమ్హారిక్ పాఠం
ఎవరూ చెరపలేదు.
రెండు బెంచీలు కలిపితే ఆపరేషన్ బల్ల.
నేను డాక్టర్ని కాను, నర్సుని.
రెప్ప కోసి, అంచు బయటికి తిప్పి కుట్టడం
అదొక్కటే వచ్చు నాకు.
ఇది నాలుగువందల పన్నెండో రెప్ప.

మత్తుసూది దిగేటప్పుడు
ఆమె నా చెయ్యి పట్టుకోలేదు,
శ్రావణాన్ని పట్టుకుంది.

చూపు ఎంత తిరిగొస్తుందని అడిగింది.
పోయింది రాదు, ఉన్నది నిలుస్తుందన్నాను.
"సరేలే, టెఫ్ గింజలు చెరుక్కోడానికి చాలు."

మర్నాడు కట్టు విప్పాను.
రెప్పలార్పింది.
మళ్లీ ఆర్పింది.
గుచ్చుకోలేదంటే నమ్మక
ఇంకోసారి.

ఆ శ్రావణం ఇచ్చెయ్, గోడకి తగిలిస్తానన్నాను.
నవ్వింది.
"మా మేకలకి ముళ్లు గుచ్చుకోవా ఏంటి?"

బయట వరసలో
ఇంకా ఇరవైమూడు మెడలు
ఎండకి తళుక్కుమంటున్నాయి.