ఆరో రెక్క

"కూత కోసీ బాబూ" అన్నాడు దానేసు.
తీగ ఎక్కడుందో వేలెట్టి మరీ చూపించాడు.
మూడో అల దాటేసరికి
పీ... మని ఒకటే గోల,
ఎర్ర దీపం, పీత కన్నులా.
రెండుసార్లు వల దించకుండానే తిరిగొచ్చాడట,
పెట్రోలు డబ్బు సముద్రంలో పోసి.

"సెన్సారు సెడిపోనాది, అంతే.
ఇంజను సల్లగానే ఉంది, సూడు" అని
దాని మీద అరచెయ్యి వేశాడు.
చటుక్కున తీసేసుకున్నాడు.

మంచినీళ్లపేట ఇసుకలో
బోటు ఒక పక్కకి ఒరిగి పడుకుంది,
డాక్టరుకి వీపు చూపించినట్టు.

నేను తీగ కొయ్యలేదు.

సెన్సారు విప్పాను. వేలి కణుపంత ఇత్తడి.
ప్లగ్గులో ఉప్పు పచ్చగా పూసింది,
పాత బ్రష్షుతో తోమాను.
అప్పలనరసి టీ కొట్టు దగ్గర
కాగుతున్న గిన్నెలో దారం కట్టి వేలాడదీసి
మీటరు ముళ్లు రెండూ ఆనించాను.
నీళ్లు కాగేకొద్దీ అంకె దిగాలి.
దిగింది,
కల్లు గీసి చెట్టు దిగే మనిషిలా,
తొందర లేకుండా, తడబడకుండా.
చన్నీళ్లలో ముంచితే మళ్లీ ఎక్కింది.

"ఇది అబద్ధం ఆడట్లేదు" అన్నాను.
"అయితే ఎవులు ఆడతన్నట్టు?" అంది అప్పలనరసి,
తన గిన్నె తనకిచ్చెయ్యమని చెయ్యి చాపుతూ.

డ్రమ్ములో నీళ్లు నింపి ఇంజను తిప్పాం.
పక్క కన్నంలోంచి ధార
చిన్న కుర్రాడి ఉచ్చలా ఎగిరి దూరంగా పడాలి.
ముసలాడిదిలా
కాళ్ల మీదే పడుతోంది.
కుర్రాళ్లు నవ్వారు. దానేసు నవ్వలేదు.

కింద భాగం ఊడదీస్తే పంపు,
పంపులో రబ్బరు చక్రం,
చక్రానికి ఆరు రెక్కలు.
ఐదు.
మళ్లీ లెక్కపెట్టాను.
దానేసు తన వేళ్లతో తనూ లెక్కెట్టాడు,
వేలంపాటలో మోసపోయినవాడిలా.
ఐదే.

"దొరికిపోనాది దొంగ! కొత్తది ఏసీ, పోదాం."
"ఆగు. ఆరోది ఏది?"
"ఎక్కడో రాలిపోయుంటాది."
"రాలితే నీళ్లతో పైకే పోయుంటాది. లోపలే ఉంది."

దానేసుకి చెప్పలేదు గానీ
ఒకసారి కోశాను నేను, తీగ.
మైలపల్లి కోర్లయ్య బోటుకి.
వేట నిషేధం ఎత్తేసిన మొదటి వారం,
శ్రీకాకుళంలో సెన్సారు లేదు, విశాఖపట్నం వెళ్లాలి,
అందరి వలలూ నీళ్లలో ఉన్నాయి.
కోసి, నల్ల టేపు చుట్టి, యాభై రూపాయలు తీసుకున్నాను.
బోటు ఎంత నెమ్మదిగా వెళ్లిందో!
పిస్టన్లు పట్టేశాక
నీటివాలు ఒరిస్సా వైపు లాక్కుపోయింది.
రెండు రాత్రులు.
ఎవరో తాడు వేసి ఒడ్డుకి చేర్చారు.
కోర్లయ్య నన్ను ఒక్క మాట అనలేదు.
ఇప్పటికీ ఎదురుపడితే బీడీ ఇస్తాడు.
ఆ బీడీ నేను కాల్చలేను, పారెయ్యలేను.

పొద్దు వాలుతుండగా
థర్మోస్టాట్ వెనక
ఉప్పు గడ్డకట్టిన ఇరుకు మలుపులో
పటకారు మొనకి మెత్తగా తగిలింది.
నల్లగా, ఎండు నెత్తళ్ల తోకంత.
దానేసు అరచేతిలో పెట్టుకుని
ఎందుకో వాసన చూశాడు.
తర్వాత చొక్కా జేబులో,
బోటు కార్డు మడతలో దాచుకున్నాడు.

మర్నాడు చీకటితోనే నెట్టాం.
కొత్త చక్రం, కడిగిన దారులు,
పక్కనుంచి తెల్లటి ధార.
ఒకటో అల. రెండోది.
మూడోది దాటేటప్పుడు
ఇసుకలో నిలబడి చెవులు రిక్కించాను.
కూత రాలేదు.

రాలేదని ఊపిరి తీసుకోబోయి ఆగాను.
రాత్రి దానేసు బోటు దగ్గరే పడుకున్నాడు,
పక్కన వల కోసే కత్తి.

ధార పడుతోందో లేదో
ఇక్కణ్నుంచి ఇంక కనబడదు.
కోర్లయ్య బోటూ
ఇలాగే, ఏ చప్పుడూ లేకుండా...

ఫోను చేశాను.
మోగుతోంది.