చిల్లుల గొట్టం

కయ్యలో నీళ్లు కనిపించకపోతే
నాకు నిద్ర పట్టేది కాదు.
ముప్పై రెండేళ్లు పార భుజాన పెట్టుకుని
విడవలూరు కింద ఈ పిల్లకాలవను తిప్పినోణ్ణి.
మడవ తీయడం నా చేతికి తెలుసు,
మూయడం తెలుసు.
పచ్చని పైరును ఎండగట్టడం మాత్రం
నాకెవరూ నేర్పలా.

నాట్లేసిన పదిహేనో నాడు
స్కూటీ మీద షమీనా వచ్చింది, వ్యవసాయం ఆఫీసు పిల్ల.
చేతిలో పాత బోరు పైపు ముక్క, అడుగు పొడవు,
ఒళ్లంతా చిల్లులు.
పిల్లనగ్రోవి చేయబోయి
ఎవరో కోపమొచ్చి పొడిచి పారేసినట్టుంది.

"సగం బురదలోకి దించు మామా.
లోపల నీళ్లు జానెడు కిందికి దిగిందాకా
మడవ ముట్టుకోవద్దు.
పైరు పొట్ట మీదుంటే మాత్రం ఈ మాట మర్చిపో,
అప్పుడు నీళ్లు నిండుగా ఉండాల."

నేను నవ్వినా.
నా కాలు పట్టి బురదలో దింపించింది.
బుడుక్, బుడుక్.
చిన్నప్పుడు అవి ఎండ్రకాయల ఊపిరనుకుని
గెనిమ మీద కూర్చుని పందెం కాసి లెక్కపెట్టేవాళ్లం.
కాదంట.
గాలాడని బురదలో గడ్డి మురిగి వదిలే ఆవిరంట.
పేడగ్యాసు పొయ్యిలో మండేదీ అదేనంట.
పైకి పోయి ఆకాశానికి
ఇంకో దుప్పటి కప్పుద్దంట.

ఏందీ,
నిరుడు మే నెల్లో నా బర్రె కుప్పకూలిన ఎండలో
నా చేతి వాటా కూడా ఉండాదా?
ఆ రాత్రి అన్నం సయించలా.

నాలుగో నాటికి కయ్య నెర్రెలిచ్చింది.
కోదండరామిరెడ్డి గెనిమ మీద నిలబడి
"నీ కూలి గింజలు కూడా ఇట్నే పగులుతాయి" అన్నాడు.
ఆయన అట్టా పోంగానే
గొట్టంలోకి తొంగి చూశా,
బావిలో జారిన చేద కోసం చూసినట్టు.
నీళ్లు ఇంకా బెత్తెడు కిందే.
పార తీసుకున్నా. పెట్టేశా. మళ్లీ తీసుకున్నా.
చివరికి పార వదిలేసి ఒక దుబ్బు పెరికి చూస్తే
వేళ్లు తెల్లగా, పొడుగ్గా,
తడి ఎక్కడుందో వెతుక్కుంటా కిందికి దిగుండాయి,
నాకంటే ధైర్యంగా.

కాలవ చివర రెండెకరాలు కౌలుకు చేసే వెంగమ్మ
ప్రతి మాఘమాసం
టార్చిలైటు పట్టుకుని తూము దగ్గరికొచ్చి
నా ఏడు తరాలనూ పేరుపేరునా తిట్టేది.
ఈ ఏడూ వచ్చింది.
నోరు తెరిచింది.
అప్పటికే ఆమె పాదాల మీద నీళ్లు పారతా ఉండాయి.
పైనోళ్లు తాగకుండా వదిలిన నీళ్లు.
తెచ్చుకున్న తిట్లను ఏం చేయాలో తెలీక
ఆమె కాసేపు అట్నే నిలబడింది.
లైటు ఆర్పేసింది.

గింజ ఎక్కువ రాలేదు, అబద్ధమెందుకు.
తగ్గనూ లేదు: ఎకరాకు మూడున్నర పుట్లు.
రెడ్డి కొలిచి, మళ్లీ కొలిపించి, ఊరుకున్నాడు.
కోతమిషను పోయినాక
ఆయన జేబులో అగ్గిపెట్టె తడుముకుంటుంటే
నేను జీలుగ విత్తనాల సంచి ముందు పెట్టినా.
పొగబెట్టేదాన్ని దున్ని నేలకే పెట్టు సామీ,
మన్నుకు కూడా ఆకలుంటది.
సగం చేనుకే ఒప్పుకున్నాడు.
మిగతా సగం మీద మసి
చిరుజల్లు పడిందాకా ఎగరతానే ఉన్నింది.

పైకాలవ మస్తానూ, నువ్వూ రా.
నీకూ ఒక గొట్టం కోసి పెట్టినా,
కాలిన మేకుతో చిల్లులు నేనే వేసినా.
డబ్బులొద్దు.
నీళ్లు కయ్యలో ఉంటేనే నీరుగట్టు అనుకున్నాం గానీ
వదలడం కూడా మన పనేరా.

మా గొట్టంలో ఇప్పుడు
ఒక కప్పపిల్ల కాపురం పెట్టింది.
పొద్దున్నే దాన్ని అడిగి,
లోపల ఎంత తడుందో చూసి,
అప్పుడు పార ఎత్తుతుండా.