మూడు కిలోల బొమ్మ

చినవాల్తేరులో మేడ మీద గది.
ఫ్యాను తిరుగుతూనే ఉంది, చెమట ఆరదు.
బల్ల మీద రబ్బరు బొమ్మ, తూకం మూడు కిలోలు.
"తల కింద అరచెయ్యి, నడుం కింద మోచెయ్యి."
పదకొండేళ్లుగా ఇదే చెబుతున్నాను.
పదకొండేళ్లుగా బొమ్మ ఏడవలేదు.

ముప్ఫై మంది అంగన్‌వాడీ వాళ్లు.
జాలరిపేట ఎర్రయ్యమ్మ బొమ్మని ఎత్తుకుని
మాడు మీద ముక్కు ఆనించింది:
"ఏటి మేడం, సంటిపిల్ల వాసన్లేదు!"
అందరూ నవ్వారు. నేనూ.

నాలుగో పాఠం: ఏడుపే పసివాడి మాట.
బోర్డు మీద రాస్తున్నాను,
ఆకలి, తడి, నిద్ర, భయం...
మెట్ల కింద నుంచి ఒక ఏడుపు.
రాస్తూనే ఉన్నాను.
మూడో వరసలో అసిరితల్లి తల వంచుకుంది.
పైట సర్దుకుంది, మళ్లీ సర్దుకుంది.
జాకెట్టు మీద తడి
రూపాయి బిళ్లంత, ఆపైన అరచెయ్యంత.

కాగితంలో నేనే రాయించాను:
శిక్షణకి పిల్లల్ని తేరాదు.
సాయంత్రం సంతకం లేకపోతే బత్తెం లేదు.
కింద ఉప్పుగాలిలో ఆరేళ్ల అక్క
చంకలో పట్టని తమ్ముణ్ణి ఊపుతోంది.

సుద్దముక్క విరిగింది. విరిచానేమో.
"వెళ్లి తీసుకురామ్మా, ఇద్దర్నీ."

ఆ పూట పాఠం సాగలేదు.
పాలు తాగి వాడు సుద్దముక్కల డబ్బా బోర్లించాడు,
ఎర్రయ్యమ్మ ముక్కుపుడక లాగాడు,
హాజరు పుస్తకం తడిపేశాడు.
ముప్ఫై సంతకాలూ అలుక్కుపోయాయి,
ఆఫీసులో ఏం చెప్పాలో ఇంకా తెలీదు.

ఐదింటికి అందరూ కాంప్లెక్సు బస్సుకి పరిగెత్తాక
తలుపు వెయ్యబోతూ చూశాను:
బల్ల మీద బొమ్మ మెడ కింద
ఎవరో తువ్వాలు మడిచి పెట్టారు.