గింజెత్తు

రామచంద్రపురంలో మా నాన్న అంగడి ముందు
వచ్చిన ప్రతి గిరాకీ ఒక్కసారైనా నవ్వుతూ అనేది:
"కంసాలి కదా, తల్లి ముక్కుపుడకలోనైనా
గింజెత్తు తీసుకోకుండా వదలడు."
నాన్నా నవ్వేవాడు.
కుంపటి మీదికి వంగి
ఆ నవ్వంతా ఊదుగొట్టంలోకి ఊదేసేవాడు.

ఇప్పుడు కాకినాడలో,
సామర్లకోట కాలవ నీళ్ళని
ఉప్పు జాడ పోయేదాకా వడగట్టే ల్యాబులో
నాకు జీతమిచ్చేదే ఆ దొంగతనానికి.

నీటిని రెండుగా చీల్చే పలక మీద
ఇరిడియం పూత.
పక్కన పెడితే
బంగారమే చవకనిపించే లోహం.
గురివింద గింజెత్తు తూచి పూస్తే
నా అరచేయంత పలకకి సరి.
అదే గింజెత్తు
ఓ తెల్లకాగితమంతా పరుచుకోవాలని మా పందెం.
పైపొరలో ఉన్న అణువే పనిచేస్తుంది.
అడుగున ఉన్నవి
పెళ్ళిపందిట్లో పెదనాన్నల్లా
ఊరికే కూర్చుంటాయి.
అందుకని వాటిని లేపుతున్నాను
నెలకో వీసం, అరవీసం.
ఖాళీ అయిన చోట టైటానియం పొడి.

ఫోనులో చెబితే నాన్న అడిగాడు:
"అంటే గిల్టేగా బుల్లీ?"
ఒక గ్రాము నగల కొట్లే మింగేశాయి ఆయన చేతిపనిని.
ఆ మాట ఆయన నోట ఉమ్మినట్టే వస్తుంది.
గిల్టే నాన్నా, అన్నాను.
కాసేపు అవతల కుంపటి చిటపట.
"ఎన్నాళ్ళు మన్నుతుంది?"

ముడి అక్కడే ఉంది.
మొన్నటి పలక పదకొండు రోజులు
బుడగలు బుడగలుగా ఊపిరి వదిలింది.
పన్నెండో రోజు తెల్లారగట్ల
తెర మీద గీత కిందికి జారింది.
చెమటకి జిలుగు పోయిన గాజులా
పూత లేచిపోయింది.
రాఘవకుమారి పుస్తకంలో తారీఖు వేసి
పక్కన 'పోయింది' అని రాసి టీకి వెళ్ళింది.

ఆదివారం నాన్న వచ్చాడు,
చెప్పకుండా, ఆరున్నర బస్సుకి.
పాడైన పలకని కిటికీ వెలుగులో వంచి
గోటితో గీకి చూశాడు.
"గరుకు చెయ్యకుండా పూసేవు.
నునుపు మీద ఏదీ నిలవదే."
నేను రాసుకున్నాను, పెన్సిల్తో.

తర్వాత, చెప్పులేసుకుంటూ అడిగాడు,
బల్ల కింద తుడిచిన దుమ్ము
ఎక్కడ పోస్తారని.
చెత్తబుట్టలో, అన్నాను.

నాన్న చాలాసేపు నా మొహంలోకి చూశాడు,
మొదటిసారి,
దొంగని చూసినట్టు.