ఎల్.సి.

ముప్పై ఒక్క ఏండ్లు స్తంభాలెక్కిన.
కరెంటుతోని నాదొక్కటే ఒప్పందం:
నువ్వు నీ తీగల ఉండు, నేను నా తోలుల ఉంట.

గిప్పుడు రామంతాపూర్‌ల, రెండో అంతస్తుల
ఫిర్దౌస్ అనే పోరి
మోకాలి కింద, బయటి పక్క తడిగుడ్డతోని తుడిచి
రెండు బిళ్ళలు అతికిస్తున్నది.
"చీమలు పారినట్టుంటది చాచా, భయపడకుండ్రి."
నాకు చెప్తున్నది.

"ఎల్.సి. తీసుకున్నవా బిడ్డా?" అన్న.
మాట సగం నోట్లనే వంకరపోయింది.
ఆమెకు ఎరుకలేదు:
లైను చంపి, కాయితం మీద సంతకమైనంకనే
తీగను ముట్టాలె.
గోల్నాకల ఈదయ్య ముట్టింది సంతకమైన తీగనే.
ఎవలింట్లనో జనరేటరు ఎదురు తన్నింది.
తాడు కట్టి దించింది నేను.
వాని చెప్పు మూడోనాడు మోరిల దొరికింది.

ఫ్యూజు కొట్టేసిందనుకో అన్నడు పెద్ద డాక్టరు,
నాకు సమజయ్యేటట్టు.
ఫ్యూజైతె నేను నిమిషంల కడుతుంటి సారూ.

వానకాలం సంది ఎడమ పాదం ఏలాడుతది.
బొటనేలు నేలను గీస్తది.
ఆ గీత చప్పుడు వినే అండాలు
నేను ఏ అర్రల ఉన్ననో చెప్తది, తల తిప్పకుంట.

గుండీ తిప్పింది.
ఒకటి. ఏం లేదు.
నాలుగు. వెంట్రుకలు లేచినయి.
తొమ్మిది.
పాదం లేచింది.
నేను లేపలే,
పేరు పిలువంగనె చెవులు నిక్కిన మేక లెక్క
అదే లేచింది.

మడిమ కింద స్విచ్చు. మడిమ లేస్తె సప్లై, మోపితె కట్.
జానెడు లైను. దానికి లైన్‌మన్‌ను నేనే.

ఆరో వారం, మాపటీలి, నడుస్తుంటె కరెంటు పోయింది.
ఫ్యాన్లు ఆగినయి. కింద జిరాక్సు దుకాణపోడు
మా డిపార్టుమెంటును తల్లి పేరుతోని తిట్టిండు.
ఫీడరే పోయిందా, ఒక్క ఫేజేనా అని
అలవాటు కొద్ది కిటికీ దాంక పోయి చూసిన.
చూసినంక సోయొచ్చింది: పోయిన.
గీత చప్పుడు లేకుంట పోయిన.
గల్లంత చీకటి, నా పిక్క మీద
చిన్న పచ్చ దీపం.

మిషిని తీస్తె మల్ల ఏలాడుతది. తెలుసు.
వారం దినాలకని ఇంటికిచ్చిండ్రు.
వంటింట్ల వెనుక నిలవడితె అండాలు ఉలిక్కిపడ్డది,
"దొంగ లెక్క ఎప్పుడొచ్చినవయ్యా" అని
చేతిల గంటెతోనే ఏడ్చింది.

రాత్రి బిళ్ళలు ఊడదీసి వైర్లు చుట్టిన.
తోలు మీద రెండు ఎర్రటి మచ్చలు.
క్యాలెండరు మీద రాసిన:
లైను బంద్, తొమ్మిది నలభై.
మనుషులందరు దిగిండ్రు.