సెకండ్‌హ్యాండ్ గొంతు

పటమటలో నా డ్రైవింగ్ స్కూలు జెన్ కారు
సైలెన్సర్ కుళ్ళి
కోళ్ల గంపలో పిల్లి దూరినట్టు
గోల పెట్టబట్టి నాలుగు రోజులు.
షోరూములో కొత్తది ఏడువేల చిల్లర.
ఈ నెల నేర్చుకునేవాళ్లు ఐదుగురు,
అందులో ఇద్దరు బాకీ.

పొద్దున పదింటికే ఆటోనగర్ కాలిన పెనం.
లారీల ఎముకల్ని ఏ జాతికా జాతి విడదీసి
గుట్టలు పోసిన వీధిలో
పానకాలు కొట్టు పట్టుకున్నాను.
గేర్‌బాక్సు మీద కూర్చుని ఉప్మా తింటున్నాడు.
"జెన్‌కా? ఏ సంవత్సరం?"
ఎంగిలి చెయ్యి అట్టాగే ఉంచి
కాలితో చూపించాడు.

కంపెనీది కాదు.
ఎవరో కుర్రాడు మోజుపడి బిగించుకున్నది.
చివర గొట్టం సోడాబుడ్డి లావు,
వేడికి నీలం తిరిగిన స్టీలు,
దాని మీద మేకుతో గీకిన పేరు: చిన్ని.
పక్కన గుండె గీయబోయి
సగంలో మానేశాడు.

"రెండువేల ఐదొందలు."
"ఇనుం కిలో ఎంత?"
"ఇనుం లెక్కయితే ఇనుమే కొనుక్కోమ్మా."

పుచ్చకాయ చూసినట్టు
వేలి కణుపుతో కొట్టి చూశాను.
ఎత్తి ఊపాను. లోపల ఏదో గలగల.
"ఏందిది?"
"పలకలు ఊడుంటాయి. ఊడకపోతే నీకింత చవగ్గా ఎందుకొస్తది?"
పదిహేనొందలకు దిగాడు.
క్లాంపులు రెండు, రబ్బరు హ్యాంగర్లు మూడు కొసరు.
గ్యాస్కెట్ మాత్రం కొత్తది కొనుక్కోమన్నాడు:
"పాత గ్యాస్కెట్టూ పాత ప్రమాణమూ
రెండూ లీకే."

బాజీ షెడ్డులో కారు కింద
రెండు కాళ్లు మాత్రమే కనపడుతున్నాయి.
తుప్పు బోల్టుకి బ్రేకాయిలు పోశాడు,
బతిమాలాడు, బూతు తిట్టాడు,
గ్యాసుమంట చూపించాడు.
తల విరిగి చేతికొచ్చింది.
పాత సైలెన్సరు నేల మీద పడి
నూనె పోయిన జంతికలా పొడిపొడి.
కొత్త పాతదేమో బెత్తెడు పొట్టి.
మూలనున్న అంబాసిడర్ గొట్టంలోంచి
ఒక ముక్క కోసి వెల్డింగు పెట్టాడు.

"బండికి ఊపిరి తీసుకోవడం కష్టం కాదమ్మా,
వదలడమే,"
అంటూ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టాడు.
నేను మజ్జిగ ప్యాకెట్ మూల కొరుకుతూ
అది నా గురించా, బండి గురించా అని
కాసేపు తేల్చుకోలేకపోయాను.

"ఇగ కొట్టండి!"
తాళం తిప్పాను.
ఒక తుమ్ము. ఇంకోటి.
మూడోదానికి గొట్టంలోంచి మట్టి పెళ్లలు
తుపాకి గుళ్లలా లేచి
హెల్పర్ ఏసుపాదం తెల్లచొక్కా నిండా.
పెళ్లల్లో ఎండిన సాలీళ్లు,
పిల్లల కోసమని దాచిపెట్టిన కూడు.
గలగలమన్నది పలకలు కాదు,
కందిరీగల ఇల్లు.
బాజీ నవ్వి నవ్వి క్రీపర్ మీంచి జారిపడ్డాడు.
ఏసుపాదం నవ్వలేదు. అది ఆదివారం చొక్కా.

మిగిలిన చప్పుడు చిన్నదేమీ కాదు.
నాలుగు వీధుల అవతల
జాతరకి డప్పులు కాచుకుంటున్నట్టు.
ట్రాఫిక్ వాళ్లు ఆపితే ఏం చెప్పాలో
ఇంకా ఆలోచించలేదు.

మర్నాడు ఆరింటికి నాంచారమ్మ గారు.
పోస్టాఫీసు కౌంటరులో ముప్పైరెండేళ్లు
గాజు వెనకాల కూర్చున్న మనిషి.
పదకొండు క్లాసులైనా సెకండ్ గేరు దాటలేదు.
హారన్ కొట్టడానిక్కూడా
"కొట్టనా?" అని నన్నడుగుతుంది.

నూరడుగుల రోడ్డు మీద
మా వెనక నుంచి మా చప్పుడే వచ్చింది.
ముందు పోతున్న ఆటో, ఎవరో పోరగాడనుకుని
పక్కకి తప్పుకుంది.
తప్పుకుని చూస్తే
మల్లెపూలూ, చేతిరుమాలూ, బిగబట్టిన పెదాలూ.
ఆవిడ అద్దంలోకి ఒకసారి చూసుకుంది.
నన్నడక్కుండా
థర్డ్ వేసింది.

రామవరప్పాడు దగ్గర ఆపితే
దిగి వెనక్కి వెళ్లింది.
"ఎవరండీ ఈ చిన్ని?"
తెలీదన్నాను.
పేరు మీద వేలు పెట్టి చటుక్కున తీసింది.
"కాలిందా?"
వేలు నోట్లో పెట్టుకునే తలూపింది,
ఎందుకో సంతోషంగా.