లోనా, బయటా

రీనోలో మా గదికి కిటికీ లేదు.
నలభై తెరలు, రెండు కుర్చీలు,
ఒకదానిలో నేను, ఒకదానిలో పురంధర్.
కింద జూదం.
పైన మేం, కప్పులోంచి చూసే జీతగాళ్లం.

పదకొండేళ్లలో అతను ఒక్క డాలరు కాయలేదు.
"చూసేవాడికి పోయేదేముంది" అనేవాడు
చపాతీ చుట్టుకుని తింటూ,
నాలుగో తెర మీంచి కళ్లు తీయకుండా.
నాకప్పుడే అనుమానం రావాల్సింది:
ఆకలి లేనివాడు వంటింటి గుమ్మంలో
అన్నేళ్లు నిలబడడు.

నాలుగో తెరలో బాకరా బల్ల.
ఆటగాడు, బ్యాంకరు, రెండు గళ్లు.
మన లోనా బయటా లాంటిదే.
నరసరావుపేటలో మా బాబాయి
చేతి గడియారం, తర్వాత స్కూటరు, తర్వాత మాట
పోగొట్టుకున్న ఆటే.
కాకపోతే ఇక్కడ తివాచీ ఉంది, కాఫీ ఊరికే ఇస్తారు.

అక్కడ మైతె ఎచెవెర్రీ కూర్చునేది.
బాస్కు ముసలావిడ. మొగుడు పోయాక
గొర్రెల మంద అమ్మిన డబ్బు పదేసి డాలర్లుగా కాసేది.
ముక్కలు పడేముందు తన నల్ల తోలు సంచిని
ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి జరిపేది.
ఎందుకని ఎవరూ అడగలేదు.
నవంబరులో, మొదటి మంచు పడ్డ రోజు పోయింది.
డీలర్లు చందాలేసుకుని పూలు పంపారు.

డిసెంబరులో పురంధర్ అన్నాడు:
"మూడూ పదికి వస్తోంది."
"ఎవరు?"
"సంచి."

చూశాను. ఖాళీ కుర్చీ.
టేపు వెనక్కి తిప్పి చూశాను. ఖాళీ కుర్చీ,
దాని మీద దీపం వెలుగు
కాస్త ఎక్కువగా ఉందేమో, అంతే.
అతను మాత్రం పుస్తకంలో రాసుకుంటున్నాడు:
ఎ, కు, కు, ఎ, కు.
ఆరు వారాల్లో ఒక్కటీ తప్పలేదట.
నేను సరిచూడలేదు.
అది భయం వల్లేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మా చోట మేం ఆడకూడదు. వీధి దాటాడు.
సంచి కూడా దాటిందన్నాడు.
మొదటి రాత్రి ఎడమ.
ఇంటి మీద తెచ్చిన అప్పు రెట్టింపైంది.
రెండో రాత్రి కుడి. కమీషను పోను మళ్లీ రెట్టింపు.
తెల్లారి ట్రకీ నది వంతెన మీద నిలబడ్డాం.
విడాకులు తీసుకున్న ఆడవాళ్లు ఒకప్పుడు
ఆ నీళ్లలోకి ఉంగరాలు విసిరేవారంటారు.
"ఇక చాలు" అన్నాను.
"చాలు అనేది ఏ గడిలో కాస్తారు?" అన్నాడు.

మూడో రాత్రి నేనూ వెళ్లాను.
సంచి ఎడమకి జరగలేదట, కుడికి జరగలేదట.
ఒళ్లో పెట్టుకుందట ఆవిడ.
ఒళ్లో అంటే మధ్య. మధ్య అంటే సమం.
సమానికి ఒకటికి ఎనిమిది.
లెక్క అతని పెదాల మీద కదిలింది, చప్పుడు లేకుండా.
ఇంటికి పోదామని లేచే మనిషి కూడా
సంచి ఒళ్లోకే తీసుకుంటుంది, పురంధర్
అన్నాననుకున్నాను.
గొంతు దాటలేదు.

ఆటగాడికి రాణి, ఏడు.
బ్యాంకరుకి రెండు, మూడు.
ఇంకో ముక్క. రెండు పడాలి.
డీలరు పిల్ల గోళ్లకి నీలం రంగు.
తిప్పింది.
ఇస్పేటు. రాణి.

బాకరాలో రాణి విలువ సున్నా.
నాకన్నా అతనికే బాగా తెలుసు.
అయినా అడిగాడు, "ఇదెంత?"
"సున్నా, సార్."
"కాదు, సరిగ్గా చూడండి."
రాణి కన్నెర్ర చేయలేదు, నవ్వలేదు.
ఏ పేకలో రాణి అయినా చూసినట్టే
పువ్వు పట్టుకుని
పక్కకి, కాగితం అంచువైపు చూస్తోంది.

ఇప్పుడతను స్పార్క్స్‌లో ఒక గిడ్డంగిలో
పెట్టెలు వేరు చేస్తున్నాడు,
కొన్ని ఎడమ బల్ల మీదికి, కొన్ని కుడి బల్ల మీదికి.
బాగానే ఉన్నానంటాడు.

నేను రోజూ మూడూ పదికి కాఫీకని లేస్తాను.
సరిగ్గా ఆ టైముకే ఎందుకని
కొత్త కుర్రాడు అడిగాడు.
నడుం నొప్పి అన్నాను.